పద్మకుమారి రాసిన వరస

సాలూరు లారీల ఆఫీసులో లోడు వంతు ప్రకారం ఇస్తారు. ఒకప్పుడు లారీల వరస పుస్తకంలో ఉండేది. అందులో కొట్టివేతలు ఎన్నంటే, విదిలిస్తే అరకప్పు ఎండుసిరా రాలేది. కళ్లారా చూశాను, నమ్మకపోతే మీ ఖర్మ. ముందు వంతు కోసం గుమాస్తా ఇంటికి పనసపళ్లు వెళ్లేవి.

మా పక్కింటి పద్మకుమారి ఆ ఆఫీసులో చేరి, వరసను కంప్యూటర్లో పెట్టింది. వంతు నంబరును ప్రోగ్రాం లోపల ప్రైవేటుగా దాచింది. చూపించడానికి గెట్టర్, మార్చడానికి సెట్టర్ రాసింది. ఎవరి నంబరు వారు ఫోన్లో చూసుకోవచ్చు, ముట్టుకోలేరు. సెట్టర్ మాత్రం పాత లోడు దిగిందా, రసీదు వచ్చిందా అని అడిగాకే మారుస్తుంది.

పనసపళ్లు ఆగాయి. డ్రైవర్ల పలకరింపులూ ఆగాయి. ఆఫీసులో ఆమె ఒక్కతే టీ తాగేది. తల్లి పోయాక ఆమెను పెంచిన మేనమామ, లారీ నడిపే అసిరయ్య ఒక్కడే మధ్యాహ్నం వచ్చి, ఆమె క్యారేజీలో సగం తినేవాడు.

ఒక శుక్రవారం రాయపూర్ వెళ్లే లోడు వచ్చింది. ఆదివారం అక్కడే అసిరయ్య మనవడి బారసాల. బొబ్బిలిలో చేయించిన ఉయ్యాల అతని లారీలో సిద్ధంగా ఉంది. కానీ అతని వంతు నాలుగోది. రైల్లో వెళ్దామంటే, వంతు వచ్చిన రోజు మనిషి లేకపోతే నంబరు చివరికి పోతుంది. మొదటి వంతు మరో డ్రైవరు బెన్హర్‌ది. ఇద్దరూ కలిసి వచ్చారు.

“నా వంతు మావకిచ్చీసేనమ్మా,” అన్నాడు బెన్హర్.

పద్మ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది. ఇద్దరు ఒప్పుకుంటే వంతులు మార్చుకోవడం ఇక్కడి పాత అలవాటు. అది గుమాస్తా ముందు నోటిమాటే, పుస్తకంలో రాయరు. ఆమె పుస్తకం చూసి ప్రోగ్రాం రాసింది.

“ఇది దానికి తెల్దు మావా. వేరేగా రాయాల. సాయంత్రమవుతాది.”

“పన్నెండుకి లోడెత్తీస్తారే. ఆ ప్రైవేటేదో తీసీసి, నాలుగు సెరిపి ఒకటెట్టీ. రాసింది నువ్వే కదేటి?”

“ఓపాలి తీస్తే అందరూ తియ్యమంటారు.”

“అందరూ నేనూ ఒకటేనేటే?”

ఆమె కంప్యూటర్ వైపు తిరిగి కొత్తది రాయడం మొదలుపెట్టింది. ఉయ్యాలను బెన్హర్ లారీలోకి ఎక్కించారు. తాత మాత్రం ఇక్కడే ఉండిపోయాడు.

సాయంత్రానికి ఆమె కొత్త పద్ధతి రాసింది. అది ఇద్దరి ఫోన్లకూ ప్రశ్న పంపుతుంది. ఇద్దరూ సరేనంటేనే నంబర్లు మారతాయి. ముందుగా మేనమామకే ఫోన్ చేసింది.

“రాసీసేను మావా.”

“మంచిదే. అందరికీ పనికొస్తాది,” అని అసిరయ్య పెట్టేశాడు.

ఆ తరువాత అతను ఆ ఆఫీసు మెట్లెక్కలేదు. వంతు ఫోన్లోనే చూసుకుంటాడు.