మాస్టారి చెప్పులు

1983లో నేను ఆరిజోనాలోని చాండ్లర్‌లో ఒక బ్రేకుల షాపులో మెకానిక్‌ని. శనివారాలు మాత్రం ఊరి బయట ఎడారిలో ఉన్న డ్రాగ్ స్ట్రిప్‌లో టెక్ ఇన్‌స్పెక్టర్‌ని. డ్రాగ్ స్ట్రిప్ అంటే పావు మైలు తిన్నగా పోయే రోడ్డు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చదీపం వెలగగానే దూసుకుపోతాయి, ఎవరికి ఎన్ని సెకన్లు పట్టిందో చీటీ ఇస్తారు. నెలకో శనివారం మామూలు జనం రోజూ ఆఫీసుకు నడుపుకునే కార్లు కూడా తెచ్చుకోవచ్చు. కారు పరుగుకు పనికొస్తుందో లేదో చూసి, టెక్ షీట్ అనే కాగితం మీద సంతకం పెట్టడం నా పని. నా సంతకం లేకుండా ఏ కారూ బయలుదేరే గీత దగ్గరికి వెళ్ళదు.

ఆ పనంటే నాకు కొంచెం గర్వం. కొంచెమేమిటి, చాలానే. మా చీఫ్ ఇన్‌స్పెక్టర్ రే ఒకసారి నా కళ్ళు ఏదీ వదలవని అన్నాడు. ఆ మాట మా ఆవిడకి నాలుగైదుసార్లయినా చెప్పి ఉంటాను.

దేవసహాయం గారు గుంటూరు జిల్లాలో మా ఊరి మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. మా తాత ఆ ఊరికి కరణం, మాస్టారి వాళ్ళది ఊరి చివర పేట. ఊళ్ళో ఉండగా ఆయనతో నేను రెండు ముక్కలు మాట్లాడిన గుర్తు లేదు. భార్య గ్రేసమ్మ గారికి నర్సు ఉద్యోగం రావడంతో ఇద్దరూ ఇక్కడికి వచ్చారు, ఆయన కంప్యూటర్ చిప్స్ ఫ్యాక్టరీలో చేరారు. నేను దిక్కు తెలియకుండా దిగినప్పుడు మూడు నెలలు వాళ్ళింట్లోనే పెట్టుకున్నారు. డ్రైవింగ్ నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఆదివారాలు వాళ్ళ హాల్లో తెలుగు ప్రార్థన జరిగేది. కారు లేనివాళ్ళందరినీ ఆయనే వెళ్ళి ఎక్కించుకొచ్చేవారు. గ్రేసమ్మ గారికి డ్రైవింగ్ రాదు, ఆవిణ్ణి హాస్పిటల్‌కి దింపడమూ తేవడమూ ఆయనే.

అలాంటి మనిషి ఒకరోజు తన కారు స్ట్రిప్‌కి తెస్తానన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“ఇరవయ్యేళ్ళు పిల్లలకి కాలం, దూరం, వేగం లెక్కలు చెప్పాను అబ్బాయ్. ఇక్కడికొచ్చాక యాభై అయిదు మైళ్ళు దాటి ఎప్పుడూ డ్రైవ్ చెయ్యలేదు. వేగం అంటే ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూడొద్దూ?”

ఏప్రిల్లో వచ్చారు. ఎర్ర కారు, రెండు తలుపులది, పెద్ద ఇంజన్. మనవాళ్ళని వదిలేశాడన్న మాట రాకూడదని రెట్టింపు చూశాను. చక్రాల నట్లు బిగించి చూశాను, బ్యాటరీ కదలకుండా ఉందా అని ఊపాను, గ్యాస్ పెడల్, అదే యాక్సిలరేటర్, తొక్కి వదిలితే తనంతట తాను వెనక్కి వస్తోందా అని పదిసార్లు తొక్కాను. కార్లో వదులుగా ఒక్క వస్తువు కూడా ఉండకూడదన్నది మా మొదటి నియమం. వెనక డిక్కీ తెరిస్తే అందులో సగం ప్రార్థన సంఘం ఉంది. పాటల పుస్తకాలు, డోలక్, మడత కుర్చీలు, బియ్యం బస్తా. అన్నీ దింపించాను. గ్రేసమ్మ గారు ఆ సామానంతా జనం కూర్చుని చూసే స్టాండ్స్‌లో పక్కన పెట్టుకుని కాపలా కూర్చున్నారు.

చెప్పులతో నడపకూడదు, బూట్లు కావాలని చెప్పాను. మాస్టారు తోలు చెప్పులు విప్పి, ఆదివారం వేసుకునే నల్లబూట్లు తొడుక్కున్నారు. మామూలుగా ఆయన కార్లోకి చెప్పులతో ఎక్కరు. మనలో చాలామందిలాగే విప్పి, పక్క సీటు కింద పెట్టి, ఉత్తకాళ్ళతో నడిపేవారు. ఆ రోజు చెప్పులు నేలమీద ఉండిపోయాయి. ఆయన అటు తిరిగి గ్రేసమ్మ గారితో ఏదో మాట్లాడుతున్నారు. నేను వంగి ఆ రెండు చెప్పులూ చేత్తో తీసి, తెరిచి ఉన్న తలుపులోంచి డ్రైవర్ సీటు కిందికి తోశాను. తీస్తూ నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. కరణం మనవడు మాస్టారి చెప్పులు మోస్తున్నాడు, మా తాత చూస్తే ఏమనేవాడో అనుకున్నాను. తర్వాత టెక్ షీట్ మీద సంతకం పెట్టాను.

పచ్చదీపం పడింది. మాస్టారు బాగానే వెళ్ళారు. పద్దెనిమిది సెకన్లు చిల్లర, చివర్లో వేగం దాదాపు డెబ్భై అయిదు మైళ్ళు. చివరి గీత దాటాక బ్రేకు లైట్లు వెలిగాయి, కారు మాత్రం తగ్గలేదు. వెనక్కి రావడానికి తిరిగే మొదటి మలుపు దాటిపోయింది, రెండోదీ దాటింది. రోడ్డు చివర, ఆగని కార్ల కోసం పోసిన ఇసుకలోకి అడ్డంగా దూసుకుపోయింది. నేను పరిగెత్తాను. అంత పరుగు నేను ఎప్పుడూ పరిగెత్తలేదు.

మాస్టారికి పెదవి చిట్లింది, అంతకుమించి దెబ్బ తగల్లేదు. రే కార్లోకి వంగి, సీటు కింద నుంచి జారి బ్రేకు పెడల్ కింద ఇరుక్కున్న చెప్పును లాగాడు. దాన్ని చూసి, నన్ను చూశాడు. నేను నోరు తెరిచేలోగా మాస్టారు ఇంగ్లీషులో ఆ తప్పు తనదేనన్నారు, కంగారులో రోజూ పెట్టే చోట కాకుండా ఇటు పెట్టినట్టున్నానన్నారు. ఆయన నిజంగానే అలా నమ్మారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

మాస్టారు డ్రైవింగ్ మానేశారు. నేను కారు బాగుచేయించి తీసుకెళ్తే, తాళంచెవులు తీసుకుని గోడకి తగిలించారు. తను ఎక్కడ ఏం పెడుతున్నాడో తెలియని మనిషి నలుగురిని ఎక్కించుకు తిరగకూడదన్నారు. ఆదివారం ప్రార్థనకి ఏడుగురే వచ్చారు. నేను వాళ్ళ మధ్య కూర్చుని కాఫీ తాగి వచ్చేశాను. ఉద్యోగం పోతుందన్న భయం అని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను. నిజానికి అది పరువు పోతుందన్న భయం.

మూడోవారం గ్రేసమ్మ గారు నర్సు బట్టల్లో బస్ స్టాపులో కనిపించారు. మే నెల ఎండ. ఆవిడ హాస్పిటల్‌కి రెండు బస్సులు మారాలి. ఎక్కించుకున్నాను. ఆవిడ నెమ్మదిగా చెప్పారు: “ఇంట్లో స్టవ్ ఆపారో లేదో అని మూడుసార్లు చూస్తున్నారు నాయనా. చెక్కు రాస్తే నాచేత సరిచూపిస్తున్నారు. లెక్కల మాస్టారు.”

ఆవిణ్ణి దింపి, షాపుకి వెళ్ళకుండా ముందు రే ఇంటికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. అతను అరవలేదు, అరిస్తే బాగుండేది. “కారంతా చూశావు, నీ చేతులు చూసుకోలేదు” అన్నాడు. అక్టోబరు దాకా సంతకం పెట్టొద్దన్నాడు. అక్కణ్ణించి షాపుకి పోయి, సాయంత్రం మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన అంతా విన్నారు. ఇసుక గురించి, ప్రాణం మీదికి వచ్చినదాని గురించి ఒక్క మాట అనలేదు. నా చేతుల వైపు చూశారు.

“మా నాన్న మీ వీధిలో నడిచేటప్పుడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి. మా ఇంటి చెప్పులు ఇంకొకళ్ళు చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు అబ్బాయ్.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

“పట్టుకున్నందుకు కాదు నేననేది” అన్నారు. “నన్నడగాలి కదా. అడిగితే ఎక్కడ పెట్టాలో చెప్పేవాణ్ణి.”

లేచి గోడ మీది తాళంచెవులు తీసుకున్నారు. గ్రేసమ్మ గారి డ్యూటీ దిగే వేళయింది.

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు ఆ స్ట్రిప్‌లో సంతకాలు పెట్టాను. తెలియని కార్లను చూడటానికి కళ్ళు చాలు. మనకి అలవాటైనవీ, మంచితనం అనుకుని మనమే చేసేవీ ఆ కళ్ళకి ఆనవు. అందుకే సంతకం ముందు ప్రతిసారీ ఈ కార్లో నా చెయ్యి ఎక్కడెక్కడ పడిందని ఒకసారి వెనక్కి తలుచుకునేవాణ్ణి. కారు ఎవరిదైతే వాళ్ళని అడిగేవాణ్ణి. నేను నేర్చుకున్నదేదో చెప్పమంటే ఇదే చెబుతాను.

అక్టోబరులో నాకు సంతకం తిరిగిచ్చిన మొదటి శనివారం, ఎర్ర కారు లైన్లో వచ్చింది. మాస్టారు దిగి, చెప్పులు విప్పి, నల్లబూట్లు వేసుకుని నిలబడ్డారు. రే నా పక్కనే ఉన్నాడు.

“మాస్టారూ, ఇవి ఎక్కడ పెట్టమంటారు?” అని అడిగాను.

ఆయన ఆలోచించి స్టాండ్స్ వైపు చూపించారు. గ్రేసమ్మ గారు డోలక్ పక్కన కూర్చుని ఉన్నారు. వంగి రెండు చెప్పులూ తీసుకున్నాను. కార్ల లైను పొడుగునా, అందరూ చూస్తుండగా, చెప్పులు చేత్తో పట్టుకుని ఆవిడ దగ్గరదాకా నడిచాను.