గౌరికి ఏ ఓడ?

మొన్న హార్బరు గేటు కాడ నా వల్ల వెయ్యి లారీలు ఆగిపోయాయి, తెలుసా? సరే, పది అనుకోండి.

మా గౌరి ఉంది చూశారూ, ఆనందపురం మొత్తానికి పాలు పొయ్యగల గేదె. గడ్డి కోసే ఓపిక నాకు పోయి, అమ్మకానికి పెట్టాను. గాజువాకలో, ఉక్కు ఫ్యాక్టరీ కట్టే పనోళ్ళకి పాలు పోసే డైరీ ఆసామి కొంటానన్నాడు. కానీ సాయంత్రం పాలు పితికి చూశాకే బేరమట. మధ్యవర్తి మా మేనల్లుడు సూర్రావు. హార్బర్లో గుమస్తా, నోరు తెరిస్తే ఇంగ్లీషు.

"బెంగెట్టుకోకు అత్తా. శుక్రవారం గౌరిని షిప్పింగ్ సేయించేత్తాను" అన్నాడు.

షిప్పా! గాజువాక పక్కన కూడా సముద్రమే కదా, అలా చుట్టూ తిప్పి దింపుతారు కాబోలనుకున్నాను. మరి ఓడ మన కోసం ఆగుతుందా? శుక్రవారం తెల్లారకముందే గౌరిని తోలుకుని బయల్దేరాను. అలలకి భయపడొద్దని దారి పొడుగునా దానికి నచ్చజెప్పాను.

పొద్దు వాలేవేళకి గేటు చేరాం.

"ఏటమ్మా ఇది?" అన్నాడు గేటు జవాను.

"గేదె, బాబూ. దీని ఓడేదో సెప్పు."

"గేదెకి ఓడా!"

"ఓడలో కాస్త నీడున్న చోట నిలబెట్టించు నాయనా. ఎండకి తాళనేదు."

అతను నోరు తెరుచుకుని చూస్తుండగానే గౌరి గేటుకి అడ్డంగా నిలబడిపోయింది. పొదుగు నిండిపోయి అడుగు కదపదు! వెనక లారీల హారన్లు, డ్రైవర్ల తిట్లు! ఏం చెయ్యను? అక్కడే కూర్చుని పితికేశాను. డ్రైవర్లు గ్లాసులు, చెంబులు, ఆఖరికి టిఫిను క్యారియర్ గిన్నెలు కూడా పట్టారు. తిట్లు టక్కున ఆగిపోయాయి.

ఇంతలో ఓ లారీలోంచి సూర్రావు దూకాడు, వెనకే డైరీ ఆసామి.

"అత్తా! గౌరి కోసం ఈ లారీ ఆనందపురం ఎల్లి, మీరు నేక ఉత్తినే వత్తంది! షిప్పింగంటే సరుకు పంపడమే గానీ ఓడెక్కించడం కాదు!"

"ఆ ముక్క తెలుగులో ఏడవొచ్చు కదరా!"

ఆసామి వంగి పొదుగు పట్టి చూశాడు. "సుక్క నేదు!"

బేరం మట్టిలో కలిసిందనుకున్నాను. అప్పుడాయన తలెత్తి, వరసగా నిలబడ్డ డ్రైవర్ల పాల మీసాలు చూశాడు.

"ఇంతమందికీ ఈ ఒక్క గేదేనా?"

"ఇంకో పదిమంది తాగి ఎల్లిపోయారు" అన్నాను. ఇద్దరే లెండి.

బేరం ఖాయమైపోయింది. ఆసామి సూర్రావు భుజం తట్టి, "గేదెని లారీలోనే అట్టుకెల్దాం. మీ అత్తని మాత్రం ఓడెక్కించీ" అన్నాడు.

లారీలో గౌరికి చోటు దొరికింది, నాకూ దొరికింది. నా పరువు మాత్రం ఆ డ్రైవర్ల నోట పడి ఆనందపురం దాకా నడిచే వెళ్ళింది.