మూడు కాంక్రీటు క్యూబులతో పంజాగుట్టకు

ఏలూరు నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులో ఆవకాయ జాడీలు, బియ్యం మూటలు మోసుకెళ్లేవాళ్లను చాలామందిని చూశాను. కాంక్రీటు మోసుకెళ్లింది మాత్రం బహుశా నేనూ, నాతో పనిచేసే గోపీయే. పంజాగుట్టలో సివిల్ ఇంజనీర్ల ప్రాంతీయ సమ్మేళనం జరుగుతోందని, అందులో క్యూబుల పోటీ కూడా ఉందని తెలిసిన రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. జిల్లాల్లో పనిచేసే నాలాంటి వాళ్లు ఇలాంటి వాటికి వెళ్లడానికి తెగ ఆలోచిస్తారు. సెలవు పెట్టాలి, ఖర్చు మనదే, పైగా అక్కడ అందరూ పెద్దపెద్దవాళ్లే ఉంటారేమోనన్న బెరుకు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. వెళ్లండి, నా మాట వినండి.

ముందు ఈ క్యూబుల సంగతి చెప్పాలి. స్లాబు వేసేటప్పుడు ఆ కాంక్రీటులోంచే కొంత తీసి ఇనుప అచ్చుల్లో పోస్తారు. ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో ఉంచి, తర్వాత యంత్రంలో పెట్టి పగలగొడతారు. ఎంత ఒత్తిడికి పగిలితే కాంక్రీటుకు అంత బలం ఉన్నట్టు. ఆ బలాన్ని మెగాపాస్కల్‌లలో ఇరవై, ముప్పై అని లెక్కిస్తారు. అయితే ఈ పోటీలో బలమైన క్యూబుకు బహుమతి లేదు. ఒకే కలుపులోంచి పోసిన మూడు క్యూబులు తేవాలి. వాటి సగటు బలం ఎంతో ముందే చీటీ మీద రాసి, సంతకం చేసి ఇవ్వాలి. ఎవరి అంకె నిజానికి దగ్గరగా వస్తే వాళ్లే గెలిచినట్టు. అంటే తన కాంక్రీటు తనకు ఎంత తెలుసో చూసే పోటీ అన్నమాట.

నేను ఏలూరులో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌లో ఏడేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. పరీక్ష చేసేది నేను, రిపోర్టు రాసేది నేను, కింద సంతకం మాత్రం మా యజమాని చలపతిరావు గారిది. ఎన్నిసార్లు అడిగినా "చూద్దాంలే" అనేవారు. ఈ పోటీ గురించి చెప్పినప్పుడు మాత్రం కళ్లజోడు పైకి తోసుకుని, "మొదటి మూడు స్థానాల్లో రా పద్మజా, ఆ రోజు నుంచి సంతకం నీదే" అన్నారు. ఇక ఆగుతానా?

రాత్రి పదింటికి ఏలూరులో బస్సెక్కితే తెల్లవారుజామున ఎల్.బి. నగర్‌లో దిగాం. టిక్కెట్టు ఆరేడు వందలైంది. మొదటి మెట్రో ఆరింటికి. మెట్రోలో సామాను బరువుకు హద్దు ఉంటుందని, తడి గోనెగుడ్డల్లో చుట్టిన క్యూబులను ఇద్దరం పంచుకున్నాం. ఒక్కోటి ఎనిమిది కిలోల పైమాటే. స్కానర్‌లోకి సంచి వెళ్లగానే తెర మీద నల్లగా, చతురస్రంగా రెండు దిమ్మెలు కనిపించాయి. సెక్యూరిటీ ఆయన నిద్రమత్తు ఒక్కసారిగా వదిలిపోయింది.

"గివేంది మేడం?"

"కాంక్రీటు క్యూబులండీ."

"ఏడికి తీస్కపోతున్నరు?"

"పంజాగుట్టకండీ. అక్కడ పగలగొట్టిస్తాం."

ఆయన నన్నూ, తడి గోనెగుడ్డనూ మార్చి మార్చి చూశాడు. "పగలగొట్టనీకి గింత దూరం మోసుకొచ్చిన్రా?" అని నవ్వి, గోనె విప్పి క్యూబు మీద వేలితో కొట్టి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "మేడం, మా ఇంటి స్లాబు ఏసి నెల అయింది, జర ఒక మూలకు నీళ్లు కారుతున్నయ్" అని మొదలుపెట్టాడు. వెనక క్యూ పెరుగుతున్నా ఆయనకు రెండు నిమిషాలు సలహా చెప్పి కదిలాను. ఇంజనీరునని తెలిస్తే ఈ దేశంలో ఏ గేటయినా తెరుచుకుంటుంది, కాకపోతే ఇల్లు కట్టుకుంటున్న మనిషి ఆ గేటు దగ్గర ఉండాలి.

టిక్కెట్టు యాభై రూపాయల పైచిలుకు. ముప్పావుగంట లోపే ఎస్.ఆర్. నగర్‌లో దిగాం. పూటకు అద్దెకిచ్చే గదులు ఇక్కడ బోలెడు. ఐదారు వందల చొప్పున చెరొకటి తీసుకుని స్నానాలు చేసి, సందు చివర టిఫిన్ సెంటర్‌లో కూర్చున్నాం. ఊళ్లోని హాస్టళ్లన్నీ అక్కడే నిలబడి ఇడ్లీ తింటున్నాయా అన్నంత జనం. నేను ఒళ్లో చీటీ పెట్టుకుని అంకె రాయబోతుంటే గోపి దోసె తుంచడం ఆపేశాడు. గోపిది గుడివాడ. మా ల్యాబ్‌లో నా తోటి ఇంజనీరు. మంచివాడు, పని దొంగ కాదు.

"ఎంత రాస్తున్నారు పద్మజ గారూ?"

"ముప్పై మూడు. ఏంటి?"

"ఏం లేదండీ. మూడో క్యూబులో నేనొక గుప్పెడు సిమెంటు ఎక్కువ వేశాను."

"వేశావా? ఎందుకూ?"

"ఎందుకైనా మంచిదని."

ఈ 'ఎందుకైనా మంచిది' మా వృత్తిలో ఎంత పాతుకుపోయిందో బయటివాళ్లకు తెలియదు. స్లాబులోకి వెళ్లే కాంక్రీటు ఎలా ఉన్నా, పరీక్షకు వెళ్లే క్యూబు మాత్రం ఫెయిల్ కాకూడదని సైట్లలో దానికి ఒక గుప్పెడు సిమెంటు జతచేస్తారు. ఎవరూ నేర్పరు, అందరికీ వస్తుంది. బలం ఎక్కువైనా ఓడిపోయే పోటీకి వస్తున్నామని గోపీకి తెలుసు. అయినా మూడో అచ్చు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి దానంతటదే సిమెంటు బస్తాలోకి వెళ్లిందట! నాకు అతని నెత్తిన సాంబారు గిన్నె బోర్లించాలనిపించింది.

కోపం దిగాక లెక్క వేశాను. మొదటి రెండూ ముప్పై మూడు దగ్గర పగులుతాయి. గుప్పెడు సిమెంటు వల్ల మూడోది ముప్పై తొమ్మిదికి పోతుంది. సగటు ముప్పై ఐదు. క్యూబుకూ క్యూబుకూ ఆ మాత్రం తేడా మామూలుగానే వస్తుంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

"మార్చేయండి, ఎవరికి తెలుస్తుందండీ?" అన్నాడు గోపి.

మార్చాను. ముప్పై ఐదు అని రాసేశాను. ఏడేళ్ల కోరిక చేతికందేంత దగ్గరలో ఉంటే ఎవరైనా అదే చేస్తారని నాకు నేను చెప్పుకున్నాను కూడా.

పంజాగుట్టకు ఆటో నూట ఇరవై అడిగాడు. ఎనభైకి బేరం కుదిరింది. సంచులు ఎత్తి పెట్టాక మాత్రం డ్రైవర్ అన్న మొహం మాడింది. "ఏమున్నయ్ మేడం గిండ్ల? నా బండి ఒక దిక్కు ఒరుగుతున్నది" అని మైత్రీవనం దాటేదాకా సణుగుతూనే ఉన్నాడు. కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఆ మైత్రీవనంలోనే ఒకప్పుడు నేను డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. ఇంకోరోజైతే తల బయటపెట్టి చూసేదాన్ని. ఆ రోజు చీటీ మడత మీదే నా చూపు.

సమ్మేళనం పంజాగుట్ట మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో ఒక ఫంక్షన్ హాల్లో. పెళ్లికి వచ్చినవాళ్లు హాల్లోకి రాగానే వేదిక వైపు చూస్తారు. ఇక్కడ లోపలికి అడుగుపెట్టిన ప్రతివాళ్లూ ముందు తలెత్తి పైకప్పు చూశారు. దూలాలు ఎంత దూరంలో ఉన్నాయి, ఎక్కడైనా చెమ్మ దిగిందా అని! రెండు వందల మంది నాలాంటి వాళ్లే అనిపించి ప్రాణం లేచొచ్చింది. ప్రవేశ రుసుము సంఘం సభ్యులకు తక్కువ, మిగతావాళ్లకు కొంచెం ఎక్కువ. భోజనం అందులోనే.

పోటీ బల్ల దగ్గర యాదగిరి సారు కూర్చున్నారు. ప్రాజెక్టుల మీద పనిచేసి రిటైరైన పెద్దాయన, ఆ రోజు పోటీకి న్యాయనిర్ణేత. నా చీటీ తీసుకుని అందరినీ అడిగినట్టే అడిగారు.

"మూడు ఒకటే కలుపు గదమ్మా?"

అవునందామనే నోరు తెరిచాను. చీటీ కింద నా సంతకం కనిపించింది. ఏ సంతకం కోసం ఏడేళ్లు ఎదురుచూశానో, అది మొదటిసారి పెట్టిన చోటే అబద్ధం.

"కాదు సార్. మూడోదాంట్లో గుప్పెడు సిమెంటు ఎక్కువ పడింది."

పక్కన గోపి నిట్టూర్పు నాకు గట్టిగానే వినిపించింది. సారు కళ్లజోడు తీసి నన్ను చూసి, ఒక్కసారి పెద్దగా నవ్వారు. "ఒక్క గుప్పెడేనా? మేము తట్టలకు తట్టలు ఏసినోళ్లం గదమ్మా!" అని, చీటీ మీద అడ్డంగా గీత కొట్టారు. "గని రూలు రూలే. నువ్వు పోటీల లేవు."

నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోను. ఆయన అది గమనించారు. "జర ఆగు. గింత దూరం మోసుకొచ్చినవ్, పగలగొట్టకుండ పంపుతమా? ఒక పని చెయ్. మూడింటికి మూడు అంకెలు విడివిడిగ రాయ్. ఆఖరికి పగలగొడదం. గుప్పెడు సిమెంటు ఏం చేస్తదో అందరు సుత చూస్తరు."

పోటీ మధ్యాహ్నం. పొద్దున ఇంకా రెండు కార్యక్రమాలున్నాయి. పాత అపార్ట్‌మెంట్ల స్తంభాలకు మరమ్మతులు చేసే ఒక కన్సల్టెంట్ మాట్లాడారు. తాను చేసిన తప్పులే ముందు చూపించారు కాబట్టి హాల్లో ఒక్కరూ నిద్రపోలేదు. టీ తాగాక ఒక బృందం ఒక్క స్టేషన్ దూరంలో ఉన్న అమీర్‌పేటకు వెళ్లింది. అక్కడ రెండు మెట్రో లైన్లు ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి. అంత బరువు కింద స్తంభాలు ఎలా పెట్టారో రోడ్డు మీద నిలబడి చూడటమే ఆ నడక. నలభై మంది మెడలు పైకెత్తి, వేళ్లు చూపిస్తూ నిలబడితే హైదరాబాద్ ఊరుకుంటుందా? బండి ఆపిన ఒకాయన భయంభయంగా, "ఏమైంది భాయ్, కూలుతదా?" అన్నాడు. మాలో ఒకరు "అరె లేదన్నా, ఎంత మంచిగ కట్టిన్రో చూస్తున్నం" అనేదాకా ఆయన బండి కదల్లేదు. ఓడిపోయి వచ్చినదాన్నన్న సంగతి మరిచిపోయి కడుపుబ్బ నవ్వాను.

బగారా అన్నం, చికెన్, డబుల్ కా మీఠా తిన్నాక పోటీ మొదలైంది. యంత్రాన్ని వేదిక ముందే పెట్టారు. క్యూబును లోపల పెట్టి బటన్ నొక్కుతారు, తెర మీద అంకె పెరుగుతుంటుంది. ఎప్పుడు టప్పుమంటుందో తెలియదు. క్రికెట్ మ్యాచ్‌లో ఆఖరి ఓవరు కూడా నన్ను అంత కూర్చోనివ్వకుండా చేయలేదు. తమాషా ఏంటంటే, చాలామంది క్యూబులు వాళ్లు రాసినదానికంటే ఎక్కువ బలంతో పగిలాయి. ప్రతిసారీ యాదగిరి సారు మైకులో "గుప్పెడా?" అనడం, హాలంతా పగలబడి నవ్వడం. చివరికి కరీంనగర్ జట్టు గెలిచింది. ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి. వేదిక ఎక్కడానికి మెట్లు వాడలేదు, ఎగిరి దూకారు.

తర్వాత మా వంతు. సారు సంగతంతా దాచకుండా చెప్పి, నా అంకెలు బోర్డు మీద పెద్దగా రాయించారు. ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై తొమ్మిది. మొదటిది ముప్పై రెండు పాయింట్ ఎనిమిది దగ్గర పగిలింది. చప్పట్లు. రెండోది ముప్పై మూడు పాయింట్ నాలుగు. ఇంకా గట్టిగా చప్పట్లు. మూడోదానికి అందరూ లేచి నిలబడ్డారు. ముప్పై ఐదు దాటింది, ముప్పై ఏడు దాటింది. గోపి నా మోచెయ్యి పట్టుకుని నొక్కేస్తున్నాడు. ముప్పై ఎనిమిదిన్నర. అంకె ఇంకా పాకుతూనే ఉంది. టప్! ముప్పై తొమ్మిది పాయింట్ ఒకటి!

ఈలలు. నేను ఏం అరిచానో నాకే తెలియదు. పోటీలో లేను, పతకం లేదు, అయినా ఒళ్లంతా జల్లుమంది. అచ్చులో ఏముందో అచ్చంగా తెలిసిన మనిషిని నేను, అది రెండు వందల మంది ఎదుట తేలిపోయింది.

బయటికొస్తుంటే ఒక బిల్డరు ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. "మస్తు చెప్పిన్రు మేడం. గని ఒక్క మాట. నా క్యూబులు మీకైతే పంపనే పంప!" అని కన్నుగీటి వెళ్లిపోయాడు.

మియాపూర్ నుంచి వచ్చే మా బస్సు సాయంత్రం లక్డీకాపూల్‌లో ఎక్కాలి. అక్కడ నిలబడి చలపతిరావు గారికి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. "నోరు మూసుకుని ఉంటే ర్యాంకు వచ్చేది కదే!" అని విసుక్కున్నారు. అవునండీ అన్నాను. తర్వాత, "ఆ బిల్డరు ఏమన్నాడూ? మళ్లీ చెప్పు" అన్నారు. చెప్పాను. ఆయన నవ్వడం మొదలుపెట్టి దగ్గు వచ్చేదాకా ఆపలేదు. "సోమవారం నుంచి నువ్వే పెట్టుకో సంతకం."

"మన ఊళ్లోవాళ్లు కూడా పంపడం మానేస్తేనో?"

"మానేస్తే ఇద్దరం కూర్చుని చింతిద్దాంలే, ముందు బస్సెక్కు."

మీరు కూడా ఇలాంటి పోటీకి వెళ్తుంటే ఒక్క సలహా. క్యూబులను తడి గోనెలో చుట్టి, దారిలో రెండు మూడుసార్లు నీళ్లు చల్లుతూ తీసుకెళ్లండి. ఆరిపోయిన క్యూబు ఉన్నదానికంటే ఎక్కువ బలం చూపిస్తుంది, మీ అంకె తప్పుతుంది.

పెద్దవాళ్ల మధ్యకు వెళ్తే చిన్నబోతానని భయపడ్డాను. తీరా వెళ్తే, అందరం ఒకే గుప్పెడు సిమెంటు దాచుకుని తిరుగుతున్నవాళ్లమే. బయటికి చెప్పగానే అంతమంది అలా నవ్వారంటే, అందరికీ అది ఎంత బరువో అనిపించింది. సోమవారం నా సంతకంతో వెళ్లాల్సిన మొదటి రిపోర్టు ఒక స్కూలు భవనం స్లాబుది. ఇరవై ఐదు రావాల్సిన చోట ఇరవై ఒకటే వచ్చింది. కాంట్రాక్టరు మూడుసార్లు ఫోను చేశాడు. ఇరవై ఒకటి అనే రాసి, కింద పద్మజ అని సంతకం పెట్టాను.