బాబాయ్ ఫోనుకు మాటలొచ్చిన వేళ

మా బాబాయ్ ఎవరినీ సలహా అడక్కుండా ఇంతవరకు ఏ పనీ చేయలేదు. అడిగిన సలహా ప్రకారం చేసిన పని కూడా నాకు తెలిసి ఒకటి మించి లేదు. ఈ రెండు ముక్కలు చెబితే ఆయన గురించి ముప్పాతిక వంతు చెప్పేసినట్టే.

ఒకసారి గొడుగు కొనాలనుకున్నాడు. నల్లదా, నీలందా అని మా వీధిలో కనబడ్డవాళ్ళనల్లా అడిగాడు. మంగలి నలుపన్నాడు. ఇస్త్రీ ఆయన నీలమన్నాడు. సాయంత్రానికి వీధి వీధంతా రెండు జట్లుగా చీలి వాదించుకుంటోంది. బాబాయ్ అందరి మాటా శ్రద్ధగా విని, తలాడించి, వెళ్ళి టోపీ కొనుక్కొచ్చాడు.

పంటి డాక్టరు దగ్గర ఇంకా అన్యాయం.

"ఏ పన్నండీ నొప్పి?" అన్నాడు డాక్టరు.

"మీరేమంటారు?" అన్నాడు బాబాయ్.

"నొప్పి మీది కదండీ, నేనేమంటాను?"

"అలా అంటే ఎలా? మీ అనుభవంలో ఏది పీకించుకుంటే బాగుంటుంది?"

తర్వాత బయట బెంచీ మీద దవడలు పట్టుకు కూర్చున్న వాళ్ళందరి అభిప్రాయాలూ సేకరించి, పన్ను పన్నులాగే పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. "ఈయన తుమ్మొచ్చినా పక్కవాళ్ళని అడిగే తుమ్ముతారు" అంటుంది మా పిన్ని.

ఎంతమందిని అడిగినా ఆఖరున అడిగేది మాత్రం ప్రూఫుల మావయ్యనే. ఆయన మాకు చుట్టమేమీ కాదు. బాబాయ్ స్నేహితుడు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దీ దిద్దీ రిటైరయ్యాడు. రోజూ పొద్దున్నే ఇద్దరూ టీ కొట్టు బెంచీ మీద చేరేవారు. మావయ్య పేపరు పైకి చదివేవాడు. మధ్యమధ్య అచ్చుతప్పు దొరికితే కొడుకు పరీక్ష పాసైనంత సంతోషపడేవాడు. ఆ సంతోషంలో ఉండగా బాబాయ్ ఆ రోజు సలహా అడిగేసేవాడు.

అలాంటిది మావయ్యకు చూపు మసకబారింది. ఇక మెరుగుపడదని డాక్టర్లు తేల్చేశారు. ఆయన బెంచీకి రావడం మానేశాడు. కూతురు కొనిచ్చిన ఫోను సొరుగులో పడేశాడు. నేను చదివి పెడతానని బాబాయ్ పేపరు పట్టుకుని వెళితే, "ఒకరు చదివి పెడితే వినే గతి నాకొద్దు. నువ్వింక రాకు" అనేశాడు. అప్పట్నుంచి గోడవైపు కుర్చీ తిప్పుకుని కూర్చోవడమే ఆయన పని.

బాబాయ్ ఇంటికొచ్చి చాలా రోజులు ఎవర్నీ ఏమీ అడగలేదు. ఏ చొక్కా వేసుకోవాలని కూడా అడగలేదు. పిన్ని బెంబేలెత్తిపోయి నాకు కబురు పెట్టింది. "మీ బాబాయ్‌కి ఏదో అయిందిరా. తనంతట తనే స్నానానికి వెళ్ళిపోతున్నారు" అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బాబాయ్ ఫోనుకు మాటలొచ్చాయి. బాబాయ్ గుడ్డతో దాన్ని గట్టిగా తుడుస్తున్నాడు. పక్కనున్న బటన్లు రెండూ ఒక్కసారి నొక్కుకుపోయినట్టున్నాయి. ఉన్నట్టుండి ఒక ఆడగొంతు టైమెంతయిందో చెప్పింది.

"ఎవరండీ ఆవిడ?" అంది వంటింట్లోంచి పిన్ని.

వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది చదవడం మొదలెట్టింది ఫోను. ఏది తెరవాలన్నా ఒకసారి తాకి, మళ్ళీ రెండుసార్లు తట్టాలి. ఆ సంగతి తెలీక ఎంత నొక్కితే అంత మాట్లాడింది. బాబాయ్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. చొక్కా తగిలించుకుని సలహాలకు బయల్దేరాడు. ఛార్జింగ్ అయిపోతే అదే నోరు మూసుకుంటుందన్నాడు మంగలి. బియ్యం డబ్బాలో పెట్టమన్నాడు ఇస్త్రీ ఆయన.

బ్యాంకులో క్యూలో ఉండగా పిన్ని మెసేజ్ పంపింది. ఏం వచ్చిందా అని బాబాయ్ వేలు పెట్టాడు. "మోకాలికి రాసుకునే మందు తెచ్చుకోండి. రాత్రంతా మూలుగుతూనే ఉన్నారు" అని బ్యాంకంతటికీ వినిపించింది ఫోను. ఇంకొకరైతే సిగ్గుతో చచ్చేవాళ్ళు. మా బాబాయ్ మొహం వెలిగిపోయింది. అడక్కుండానే క్యూలో ఉన్నవాళ్ళంతా మోకాలికి సలహాలు చెప్పారు మరి.

చివరికి నేను వాళ్ళింటికి వెళ్ళి రెండు బటన్లూ కాసేపు పట్టుకున్నాను. గోల ఆగిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు బాబాయ్. చేతిలో మిఠాయి లాక్కున్నట్టు చూశాడు.

"ఇంతే. చూపు సరిగా లేనివాళ్ళ కోసం పెట్టారు బాబాయ్. మనకి అక్కర్లేదు."

ఆయన ఆ రెండు బటన్లూ వేలితో తడిమాడు. "మళ్ళీ రావాలంటే?" అన్నాడు.

"అవే బటన్లు. అయినా నీకెందుకు?"

"ఊరికే. పొరపాటున నొక్కకుండా ఉండాలిగా."

మర్నాటికి ఫోను మళ్ళీ మాట్లాడుతోంది. బాబాయ్ దాన్ని పట్టుకుని ప్రూఫుల మావయ్య ఇంటికి బయల్దేరాడు. నాకు ఒళ్ళు మండింది.

"నేనుండగా ఆయన్ని అడగడమేంటి? పాపం కనబడదు కదా."

"కనబడేవాళ్ళందర్నీ అడిగాంగదరా. ఏం ఒరిగింది?"

నేనూ వెంట వెళ్ళాను. మావయ్య గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఏమోయ్, నేను పేపరు చదవడానికి రాలేదు. ఈ గోల ఎలా ఆపాలో చెప్పు, పోతాను" అన్నాడు బాబాయ్.

"నాకు కనబడి చస్తేగా చెప్పడానికి."

"కనబడ్డం దేనికి? ఎక్కడేముందో అదే వాగుతోందిగా."

బాబాయ్ వేలు వార్తల మీద పడింది. ఫోను ఊపిరి తీసుకోకుండా ఒక వార్త చదువుతూ పక్క వార్తలోకి వెళ్ళిపోయింది. మావయ్య భుజాలు కదిలాయి. కుర్చీ ఇటు తిరిగింది.

"ఎవరు నేర్పారు దీనికి చదవడం? అక్కడ వాక్యం అయిపోయింది. ఆగొద్దూ?"

"ఆ సంగతేదో దాంతోనే చెప్పు" అని బాబాయ్ ఫోను ఆయన చేతిలో పెట్టేశాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకి మావయ్య ఆ రోజు వార్తలన్నీ విన్నాడు, ఫోనుతో దెబ్బలాడాడు, ఏ మూల ఏముందో వేళ్ళతో పట్టేశాడు, దాని నోరు కూడా మూయించాడు. ఇచ్చేసేటప్పుడు మాత్రం కాస్త ఆలస్యంగా ఇచ్చాడు.

ఆ తర్వాత బాబాయ్ ఫోనుకు అదొక రోగంలా పట్టుకుంది. రోజూ పొద్దున్నే మాటలొచ్చేవి. రోజూ మావయ్య ఆపేవాడు. ఈలోగా సొరుగులోని ఫోను బయటికొచ్చింది. దానికీ మాటలొచ్చాయి. మావయ్య తనే కూతురికి ఫోన్ చేశాడని విని నాకు నిజంగా సంతోషమేసింది. కానీ బాబాయ్ వేషం బయటపడితే ఆ అభిమానస్తుడు మళ్ళీ గోడవైపు తిరిగిపోతాడేమోనని భయం కూడా వేసింది.

ఉండబట్టలేక ఒకరోజు ముందే వెళ్ళి కూర్చుని, "మావయ్యా, మా బాబాయ్ ఫోను సంగతి..." అని నసిగాను.

"మెట్ల మీద ఆగి ఆన్ చేసుకుంటాడు. ఆ సంగతేనా?" అన్నాడాయన.

"ఎలా తెలిసింది?" అన్నాను.

"ఆన్ అయ్యానని ఆ ఫోను వీధంతటికీ వినబడేలా చెబుతుంది కదా. నాకు చూపు తగ్గింది గానీ చెవులు తగ్గలేదోయ్. మొదటి వారంలోనే తెలుసు."

"మరి కోపం రాలేదా?"

"వచ్చింది. వెళ్ళగొడదామనే అనుకున్నా. కానీ వీడు నన్నడక్కపోతే ఊళ్ళో అందర్నీ అడుగుతాడు. వాళ్ళేం పాపం చేశారు?" అని నవ్వాడు. "వాడితో అనకు."

ఇంతలో మెట్ల మీద చప్పుడైంది. ఆ వెంటనే ఆడగొంతు తాను ఆన్ అయ్యానని గట్టిగా ప్రకటించింది. మావయ్య మొహం సీరియస్‌గా పెట్టుకున్నాడు.

"ఏమోయ్, పొద్దున్నుంచీ ఒకటే గోల. చచ్చిపోతున్నాననుకో" అంటూ బాబాయ్ లోపలికొచ్చాడు.

"అయ్యో. ఏదీ, ఇలా ఇవ్వు, చూద్దాం."

బాబాయ్ నావైపు తిరిగాడు. "ఏరా, నువ్వేమంటావ్? ఇవ్వమంటావా?"

"ఇవ్వు బాబాయ్" అన్నాను.

ఇచ్చాడు. నేను చెప్పిన సలహా ప్రకారం ఆయన చేసిన పని ఇప్పటికి అదొక్కటే.