తుడిచేసిన కుంకుమ

ఏళ్లుగా గొంతులో అడ్డంపడిన మాట ఇది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నానేమో.

నేను బొమ్మలు వేస్తాను. మూతపడిన మిల్లులు, కూలిన గోడలు, తుప్పుపట్టిన యంత్రాలు. కోయిలకుంట్ల దగ్గరి పాత పత్తి మిల్లు బొమ్మతో నాకు పేరొచ్చింది. దానికి 'చచ్చిపోయిన చరిత్ర' అని పేరు పెట్టాను. ఎంత పొగరు చూడండి!

నిజానికి అది చావలేదు. అక్కడ పనిచేసిన సంజీవప్ప, ఖాసిం సాబు ప్రతి దసరాకూ వచ్చి, పత్తిగింజలు తీసే ఆ పెద్ద యంత్రాన్ని కడిగి ఆయుధపూజ చేసేవాళ్లు. సంజీవప్ప కుంకుమ పెడితే ఖాసిం టెంకాయ కొట్టేవాడు. పీర్ల పండక్కి ఖాసింతో కలిసి సంజీవప్ప పీరు ఎత్తుకునేవాడు.

పూజ మర్నాడు నేను బొమ్మ వేస్తూ కూర్చున్నాను. తుప్పు మీద బొట్లు, బంతిపూలు. నాకు కావాల్సింది శిథిలం. విసుగొచ్చింది. పూలు పీకి పారేసి, టర్పెంటైను గుడ్డతో బొట్లన్నీ తుడిచేశాను. తప్పనిపించిందా? లేదు. అబద్ధమెందుకు, బొమ్మ బాగా వస్తుందని సంతోషపడ్డాను.

సాయంత్రం సంజీవప్ప వచ్చి, యంత్రాన్ని చూసి నిలబడిపోయాడు.

"ఎవురప్పా తుడిచింది?"

"నేను చూడలేదు."

"ఖాసిం గాని వచ్చినాడా ఈడికి?"

పొద్దున ఖాసిం వచ్చి, నన్ను పలకరించి వెళ్లిన మాట నిజమే.

"వచ్చినాడు," అన్నాను.

"ఇట్లా ఇద్దురం కలిసి చేసేటియి వద్దని మా పిల్లోళ్లూ అంటాండారు, వాళ్ల పిల్లోళ్లూ అంటాండారు. వాడూ వాళ్ల మాట ఇన్నాడన్నమాట."

అప్పుడైనా నేనేనని చెబితే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. ఎందుకు చెప్పలేదు? మిల్లు తాళంచెవి ఆయన దగ్గరుంది, నా బొమ్మ సగంలో ఉంది. అంతే.

తర్వాతి దసరాకు ఎవరూ రాలేదు. పీర్ల పండక్కి సంజీవప్ప వెళ్లలేదు. సంజీవప్ప తనతో ఎందుకు మాట్లాడటం లేదని ఖాసిం నన్నే అడిగాడు. తెలియదన్నాను. మిల్లులు పోయాక మనుషులెట్లా విడిపోయారో నా బొమ్మలో కనిపిస్తోందని ప్రదర్శనకు వచ్చిన పెద్దలు మెచ్చుకున్నారు. నేను దండం పెట్టాను.

ఖాసిం పోయాడు. ఆఖరి చూపుకు కూడా సంజీవప్ప వెళ్లలేదు.

మొన్న ఆయన ఇంటికి వెళ్లి అంతా చెప్పేశాను. క్షమించమని అడగలేదు, ఏ మొహంతో అడగను? ఆయన నన్ను తిట్టలేదు, కనీసం నా వైపు చూడలేదు. లేచి, చెప్పులేసుకుని, ఖాసింను పూడ్చిన గోరీల దారి పట్టాడు.

ఆ ముసలాయన అలా ఒంటరిగా పోతుంటే చూస్తూ, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను తేలికపడ్డాను.