సుడి ఒకచోట, గాలి ఒకచోట

ఆ రోజుల్లో ప్రతి మాటకూ ఒకే అర్థం ఉంటుందనీ, ఆ అర్థం నా దగ్గర భద్రంగా ఉందనీ నాకు గట్టి నమ్మకం. బరువైన నిఘంటువు ఒకటి కొనుక్కుని, దానికి అట్ట వేసి, చంకన పెట్టుకుని తిరిగేవాణ్ణి. భాషను తన పేరిట రాయించుకున్న వాడిలా ఉండేదట నా నడక. ఎవరైనా పొరపాటున 'సుడిగాలి పర్యటన' అన్నారంటే, గాలి పర్యటించదు, వీస్తుందని సరిదిద్దేవాణ్ణి. వెంగళరావు నగర్‌లో నాకు ఆశ్రయమిచ్చిన మా బాబాయి పొద్దున్నే పత్రిక చదువుతూ, "మంత్రి మన జిల్లాలో సుడిగాలి పర్యటన చేశాడ్రా. అంటే కారు దిగలేదన్నమాట" అని నవ్వుతుంటే, ఆ ఒక్క మాటలో ఎంత తెలుగు దాగి ఉందో గ్రహించకుండా నిఘంటువు తెరిచి ఆయనకు పుట చూపించిన ఘనుణ్ణి నేను.

ఆ నిఘంటువుతోనే నేను ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కే దారిలో ఉన్న ఒక డబ్బింగ్ స్టూడియోలో చేరాను. పేరుకు స్టూడియో గానీ, అది ఒక డాబా ఇంటి కింది వాటా. పైవాటాలో ఇంటావిడ వడియాలు పెట్టిన రోజున కాకులు వాలేవి. కాకులు వాలిన రోజున రికార్డింగు ఆగేది. అక్కడ పరదేశపు సినిమాలకు తెలుగు మాటలు రాసే పెద్దాయన ఒకరుండేవారు. మేమంతా గురువుగారనేవాళ్ళం. నన్ను చేర్చుకున్న రోజున ఆయన చెప్పిన పాఠం ఒకటే: "ముందు పెదవులు చూడు నాయనా, అర్థం సంగతి తర్వాత చూద్దాం." తెర మీద నటి పెదవులు కలిస్తే మన మాటలో ప, ఫ, బ, భ, మలలో ఏదో ఒకటి ఉండాలి. నోరు తెరిస్తే మనమూ తెరవాలి. ఆమె ఆగితే మన మాటా ఆగాలి. ఇంత లెక్కగా సాగే వృత్తి నాలాంటి వాడి కోసమే పుట్టిందనుకుని పొంగిపోయాను. పొంగుకు గడువు మాత్రం ఉంది. దసరాలోపు ఏదో ఒక సినిమాకు నన్ను రచయితగా ఖాయం చేసుకోకపోతే, తణుకు దగ్గర మా మేనమామ ఎరువుల కొట్టులో కూర్చోవాలని ఇంట్లో తీర్మానమైపోయింది. ఆ కొట్టుకు వచ్చే రైతులకు తెలిసిన సుడి ఒక్కటే, వరికి పట్టే సుడిదోమ. జీవితాంతం ఆ దోమకు మందు అమ్ముతూ గడపడమనే ఊహే నన్ను పెందలాడే నిద్రలేపి స్టూడియోకు తరిమేది.

గురువుగారు కంటి ఆపరేషన్‌కని మద్రాసు వెళ్తూ ఒక ప్రేమకథా చిత్రం చివరి రీళ్ళు నా చేతిలో పెట్టారు. ఇవి బాగా వస్తే నిర్మాతతో చెప్పి నన్ను ఖాయం చేయిస్తానన్నారు. (ఆ రోజు వారం, తిథి నా డైరీలో ఉన్నాయి గానీ, పాఠకులకు వాటితో పని లేదు.) ఆ రీళ్ళలో ఒక ఘట్టం: కథానాయిక తన స్నేహితురాలి ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ, తన పెళ్ళి సుడిగాలిలా జరిగిపోయిందని చెబుతుంది. తెర నిండా ఆమె ముఖమే. ఆ మహాతల్లి ఆ మాట ఒక్క గుక్కలో అనదు. సగం పలికి, ముసిముసిగా నవ్వి, కాఫీ గుటక వేసి, తక్కిన సగం పలుకుతుంది. వాళ్ళ భాషలో ఆ మాట రెండు ముక్కలు. మన భాషలోనూ రెండు ముక్కలే. ఇంతకన్నా అదృష్టం ఉంటుందా? గుటకకు ముందు 'మాది సుడి', గుటక తర్వాత 'గాలి పెళ్ళి' అని కొలిచినట్టు అమర్చాను. మాదిలోని మకారం దగ్గరా, పెళ్ళిలోని పకారం దగ్గరా కాఫీ కప్పు ఆమె నోటికి అడ్డం వచ్చేలా కూడా చూసుకున్నాను. కాగితం మీద 'మాది సుడిగాలి పెళ్ళి' అని ఒకే వరుసలో ముత్యాల్లా ఉంది. కాగితానికి గుటకలుండవు కదా.

కథానాయికకు గొంతు ఇచ్చే అమ్మాయిని స్టూడియోలో అందరూ 'టోలిచౌకి' అనేవారు, అక్కణ్ణుంచి బస్సులో వచ్చేది కనుక. మైకు ముందు నిలబడితే కృష్ణా జిల్లాలో పుట్టినట్టు మాట్లాడేది. మైకు వదిలితే అచ్చమైన హైదరాబాదు. అదే న్యాయాన రికార్డింగు చేసే ఆయన 'షేక్‌పేట అన్న'. ఆ పొద్దున పని మొదలయ్యే వేళకు నిర్మాతగారు స్వయంగా వచ్చారు. వారి అమ్మాయి పెళ్ళి దగ్గర పడింది. చేతిసంచి నిండా శుభలేఖలు. మూలలకు పసుపు రాసిన ఒక కార్డు తీసి, నా పేరు అడిగి తెలుసుకుని, పైన రాసి, నాకివ్వబోతూ, "ముందు ఆ ముక్క పలకనీయండి, విని ఇస్తాను" అని వెనక కూర్చున్నారు. టోలిచౌకి పలికింది. అక్షరం పొల్లుపోలేదు. నటి ఆగినచోట ఆగింది, నవ్వినచోట నవ్వింది, గుటక వేసింది. స్టూడియోలోని మంచి స్పీకర్ల గుండా గది నిండా వినబడింది: "మాది సుడి..." తర్వాత నిశ్శబ్దం. తర్వాత తేనెలూరే గొంతుతో, "గాలి పెళ్ళి."

షేక్‌పేట అన్న ముందుగా నవ్వాడు. నవ్వు ఆపుకోవడానికి మీటల మీదికి వంగి, ఏదో తప్పు మీట నొక్కడంతో ఆ ముక్క మళ్ళీ మోగింది. గాలి మాటలు, గాలి తిరుగుళ్ళు, గాలి సోకడం... ఆ రెండక్షరాల చుట్టూ మన జనం ఎన్నేళ్ళుగా ఎంత దుమ్ము పోగేశారో నాకు ఆ క్షణాన ఒక్కసారిగా తెలిసింది. మా నిఘంటువులో ఉన్నాయవన్నీ, నేను ఆ పుట దాకా పోలేదంతే. నిర్మాతగారు లేచారు. నా పేరు రాసిన కార్డును మెల్లగా సంచిలో తిరిగి పెట్టుకున్నారు. అరిచినా బాగుండేది. "ఏమయ్యా, ఇంట్లో శుభకార్యం పెట్టుకుని పొద్దున్నే నేను వినవలసిన మాటా ఇది?" అన్నారు. జూబ్లీహిల్స్‌లో కార్డులు పంచుకుని సాయంత్రం మళ్ళీ వస్తాననీ, అప్పటికి తెర మీది ఆ పిల్లకి సరైన పెళ్ళి చెయ్యకపోతే రీళ్ళన్నీ మద్రాసు రచయితలకు పంపించేస్తాననీ చెప్పి వెళ్ళిపోయారు. నా కళ్ళ ముందు సుడిదోమలు మూగాయి.

ఇక ఆ మధ్యాహ్నం నేను ఆడిన మాటల వేట చెప్పనలవి కాదు. 'చక్రవాతం' అన్నాను. ఆ పెళ్ళి బంగాళాఖాతంలో కేంద్రీకృతమై ఉన్నట్టు వినబడింది. 'ప్రభంజనం' అన్నాను. పెళ్ళికూతురు ఎన్నికల్లో గెలిచినట్టు తోచింది, పైగా నటి నోరు బార్లా తెరిచిన చోట ప, భ రెండూ తయారు. 'తుఫాను' అందామంటే నిర్మాతగారిది కోస్తా, తుఫానంటే ఆయనకు కొబ్బరితోట గుర్తొస్తుంది. 'సుడిగుండం' అనగానే నా చెయ్యి నేనే వెనక్కి లాక్కున్నాను. షేక్‌పేట అన్న సానుభూతితో, "దుమారమను తమ్మీ, మా ఊర్లె గదే అంటరు" అన్నాడు. ఆ మాట పత్రికలకెక్కి రచ్చ అన్న అర్థం తెచ్చుకుందని వివరించాను. పెండ్లిల రచ్చ గాకుంటే ఇంకేముంటదని ఆయన అడిగాడు. దుమారాన్నీ కొట్టేశాను.

నేను తల వంచుకుని రాస్తూ కొట్టేస్తూ ఉండగా, వెనక నిలబడి కాగితంలోకి తొంగిచూస్తున్న టోలిచౌకి చూపు కాగితం మీద కాక నా నడినెత్తి మీద ఆగిందట. "రైటర్‌సాబ్, మీకు రెండు సుడులున్నయి" అంది తాపీగా. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళవుతాయన్న శాస్త్రం కూడా వినిపించింది. సుడి అంటే నసీబు, అదృష్టం, తమ్మికి డబల్ నసీబున్నదని అన్న సర్దిచెప్పాడు. కొంప మునుగుతుంటే నా జుట్టు మీద చర్చేమిటని నేను విసుక్కున్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. స్టూలు లాక్కుని నా ఎదుట కూర్చుంది.

"గదంత ఇడిసిపెట్టుండ్రి. అసలు గా పిల్ల పెండ్లి ఎట్లైంది?"

"సోమవారం పరిచయం. శుక్రవారం పెళ్ళి" అన్నాను.

"గంతే గద. చూసిండు, చేసుకుండు. మధ్యల గాలెందుకు?"

నా చూపు ఆమె పెదవుల మీద ఆగింది. 'చూ' అన్నప్పుడు ఆవిడ పెదవులు గుండ్రంగా చుట్టుకున్నాయి, అచ్చం తెర మీది నటి మొదటి ముక్క పలికేటప్పుడు చుట్టుకున్నట్టు. చూశాడు. గుటక. చేసుకున్నాడు. ప లేదు, బ లేదు, మ లేదు. ముందు ఒక 'ఆయన' తగిలిస్తే కొలత కూడా సరిపోయింది. ఆ గుటకలో ప్రేమ, తొందర, చుట్టాల గోల, సుడిగాలి, సమస్తం ఇమిడిపోయాయి. అయినా నా బుద్ధి మారలేదు. మూలంలో ఉన్న ఉపమానం పోయిందే, సుడిగాలి ఏమైపోవాలని గొణిగాను.

"గాలి గద, పోతది" అంది ఆవిడ.

సాయంత్రం నిర్మాతగారు వచ్చి వెనక కుర్చీలో బిగుసుకుని కూర్చున్నారు. టోలిచౌకి మైకు ముందు నిలబడి, కోస్తా గొంతు తొడుక్కుని, "ఆయన చూశాడు..." అని ఆగింది. గుటక వేసింది. (ఆ గుటక నిడివికి నా ప్రాణం తణుకు వెళ్ళి తిరిగొచ్చింది.) "చేసుకున్నాడు." నిర్మాతగారి భుజాలు నవ్వుతో కదిలాయి. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మా వియ్యంకుడు కూడా ఇలా రెండు ముక్కల్లో తేల్చి ఉంటే ఎంత బాగుండేదయ్యా అన్నారు. సంచి తెరిచి, వెతికి వెతికి, నా పేరున్న కార్డు పైకి తీశారు. "భోజనానికి తప్పకుండా రావాలి. తర్వాతి సినిమాకి కూడా నువ్వే రాయాలి." మేనమామ కొట్టులో నా కోసం తుడిచి ఉంచిన కుర్చీలో మరొకరు కూర్చున్నారని దసరాకు తెలిసింది.

ఆ పెళ్ళి భోజనానికి మేము ముగ్గురమూ వెళ్ళాం. పంక్తిలో టోలిచౌకి నా పక్కన కూర్చుంది. ఆ తర్వాత కథ మీరు ఊహించిందే గానీ, ఊహించినంత వేగంగా జరగలేదు. ఆవిడ నానమ్మ నన్ను చూడగానే కాళ్ళకు దండం పెట్టమంది. వినయంగా వంగాను. (అది ఆశీర్వదించడానికి కాదనీ, నడినెత్తి పరీక్షించడానికనీ ఆలస్యంగా తెలిసింది.) ఇతనికి రెండు పెండ్లిళ్ళు రాసి ఉన్నాయని తేల్చి ఆమె భీష్మించుకుంది. చివరకు షేక్‌పేట అన్న వెళ్ళి, "అవ్వా, రెండు సుడులల్ల ఒకటి మన పిల్లది. దాని నసీబు గూడ గీనె నెత్తిన మోస్తుండు" అని ఒప్పించాడు. చూడటానికీ చేసుకోవడానికీ మధ్య ఆ నటి వేసిన గుటక మా విషయంలో నాలుగేళ్ళు పట్టింది.

మొన్న సాయంకాలం ఇద్దరమూ షేక్‌పేట వైపు నడుస్తుంటే, ఫ్లైఓవర్ కింద ఎండుటాకులూ కాగితాలూ గిరగిర తిరుగుతూ పైకి లేచాయి. ఎంత బుల్లిదైనా, నిఖార్సైన సుడిగాలి. ఇందులో సుడి, గాలి విడదీయరాకుండా ఉన్నాయి చూశావా అని నేను మొదలుపెట్టాను. "అగో, మొదలుపెట్టిండు రైటర్‌సాబ్" అని ఆవిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. గాలి మమ్మల్ని చుట్టి దాటిపోయింది. పాత అలవాటుగా, చెదిరిన జుట్టు సర్దుకుందామని నేను చెయ్యి పైకెత్తాను. అరచేతికి నున్నటి నెత్తి తగిలింది. రెండు సుడులూ ఎటు పోయాయో, ఎప్పుడు పోయాయో, డైరీలో ఎక్కడా రాసుకోలేదు. నా చెయ్యి ఆగిన చోటు చూసి మా ఆవిడ, "ఇగ రెండో పెండ్లి ఫికర్ లేదు" అంది తృప్తిగా.