ముందు పడటం నేర్పాలి

గుణదలలో మా ఇంట్లో సాయంత్రం మాత పటం ముందు జపమాల అయ్యాక అమ్మ తన విన్నపాలు పైకే చెబుతుంది. జబ్బుపడ్డవాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు, పెళ్ళి కుదరనివాళ్ళు, అందరూ అయ్యాక చివర్లో నేను.

"తల్లీ, మా అమ్మాయికి ఒక మంచి ఉద్యోగం ఇప్పించు."

పక్కనే మోకాళ్ళ మీద ఉన్న నాకు ఒళ్ళు మండేది. ఉద్యోగం లేక కాదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న ఆఫీసులో ఫోన్ గేములు తయారుచేస్తాను. అదీ ఒక పనేనా అని అమ్మ అనుమానం. ఒక్కసారి ఆడి చూస్తే ఒప్పుకుంటుందని నా ఆశ.

అప్పుడు మేం చేస్తున్న గేములో ఒక పిల్ల కాలవల మీద వంతెనలు దాటుకుంటూ అమ్మమ్మ ఊరు చేరాలి. కొత్తవాళ్ళకి ఆట నేర్పే మొదటి భాగం నాదే. ఇక్కడ నొక్కండి, అటు జరపండి అంటూ తెర నిండా సూచనల డబ్బాలు పెట్టాను. ఎంత చెబితే అంత అర్థమవుతుందని నా తెలివి. పాత ఫోనులో గేము వేసి అమ్మకిచ్చి ఆఫీసుకు వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఫోను స్విచాఫ్ చేసి బీరువా మీద పెట్టి ఉంది. ఎలా ఉందని అడిగితే, బాగుందని ముక్తసరిగా అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నచ్చలేదు కాబోలు అనుకున్నాను. ఆ సాయంత్రం విన్నపాల్లో జబ్బుపడ్డవాళ్ళ తర్వాత గొంతు తగ్గించింది.

"తల్లీ, ఆ గేములో పిల్ల నా వల్ల కాలవలో పడి మునిగిపోయింది. తెలీక చేశాను. క్షమించు."

నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను. తీరా చూస్తే అమ్మ కళ్ళలో నీళ్ళు. నా నవ్వు ఎటు పోయిందో. మునిగిన పిల్ల మళ్ళీ గట్టు మీదికి వస్తుందని గేములాడేవాళ్ళందరికీ తెలుసు. అమ్మకెలా తెలుస్తుంది? అన్ని డబ్బాలు పెట్టానే గానీ, ఆ ఒక్క ముక్క ఎక్కడా చెప్పలేదు.

మర్నాడు ఆఫీసుకు వెళుతుంటే నా చిన్నప్పటి సైకిలు గుర్తొచ్చింది. ఉయ్యూరు దగ్గర అమ్మమ్మ వాళ్ళ పొలంలో, వరికోతలయ్యాక, నాకు సైకిలు నేర్పింది అమ్మే. హ్యాండిల్ ఎలా పట్టుకోవాలో కూడా చెప్పలేదు. గడ్డి మందంగా పరిచి, నన్ను సీటు మీద కూర్చోబెట్టి, సైకిలుతో సహా మెల్లగా పక్కకి పడేసింది. నేను బిత్తరపోయి చూస్తుంటే, "చూశావా, ఇంతకన్నా ఏం కాదు. ఇప్పుడు తొక్కు," అంది.

ఆఫీసుకెళ్ళి డబ్బాలన్నీ పీకేశాను. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందని మావాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. నేను వింటేగా! ఇప్పుడు ఆట మొదలవగానే, మనం ఏం చేసినా సరే, మొదటి వంతెన ఒరిగిపోతుంది. పిల్ల మోకాలి లోతు నీళ్ళలో పడుతుంది. లేచి, పరికిణీ పిండుకుని, అదే గట్టున నిలబడుతుంది. తెర మీద ఒక్క అక్షరం ఉండదు.

ఆదివారం మళ్ళీ అమ్మకిస్తే ముట్టనంది. బతిమాలి చేతిలో పెట్టాను. పిల్ల పడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్ల లేచింది. అమ్మ పట్టు వదల్లేదు గానీ ముఖం తేటపడింది. ఇక చూడాలి, కావాలనే పడెయ్యడం, లేచేదాకా చూడటం, మళ్ళీ పడెయ్యడం. ఆ సంబరంలో పొయ్యి మీద పప్పు మాడిపోయింది. సాయంత్రానికి మూడు వంతెనలు తనంతట తనే దాటింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ రోజు జపమాల అయ్యింది. జబ్బుపడ్డవాళ్ళు, పరీక్షలవాళ్ళు, పెళ్ళికానివాళ్ళు అయ్యారు. ఇక నా ఉద్యోగం వస్తుందని తల వంచుకుని కాచుకున్నాను.  అమ్మ అక్కడితో సిలువ గుర్తు వేసుకుని లేచింది.

"పదవే, ఆ మాడిన పప్పే తినేసి నాలుగో వంతెన సంగతి చూద్దాం."